పడుకున్న పురుగులు

ఆ ప్రయోగశాలలో పరాన్నజీవి అని ఎవరూ అనరు, పురుగు అంటారు. ఎంత చిన్నదంటే, చీమ కార్చిన కన్నీటి బొట్టులో ఆ పురుగులు ఊరేగింపు తీసినా ఇంకా దారి మిగులుతుంది. మనిషి కడుపులో కాపురం పెట్టిందో, పొట్టను కుండలా ఉబ్బించి, జ్వరాన్ని తోడు తెచ్చుకుంటుంది.

అక్కడివాళ్ళకి ఒక అలవాటుంది. కొత్తగా తయారుచేసిన రసాయనం పోశాక పురుగు తోక ఆడించడం మానేస్తే "పడుకుంది" అంటారు. "చచ్చింది" అని మాత్రం మందు కడిగేసి, తిండి పోసినా కదలకపోతేనే అంటారు.

అక్కడ పరీక్షలు చేసే అమ్మాయికి ఒక అన్నయ్య, దర్జీ. ఈ తేడా అతనికేం తెలుసు? అతని కడుపులోనూ అవే పురుగులు. చెల్లెలు ఒకరోజు ఫోన్లో, "అన్నయ్యా, కొత్త మందుకి అన్నీ పడుకున్నాయి" అంది సంబరంగా. అంతే, ఒళ్ళంతా మంటపెట్టే ఆసుపత్రి సూదులు మానేసి, ఆ మందు కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

చెల్లెలు మందు కడిగేసి, పురుగులకు తిండి పోసింది. మైక్రోస్కోపులో ఒక తోక కదిలింది. తర్వాత ఇంకోటి. కాసేపటికి చెరువులో చేపల్లా అన్నీ ఈదుతున్నాయి. అప్పుడే వదిన ఫోను: "మీ అన్నయ్య సూదులు మానేశాడమ్మా. నీ మందు వస్తోందట కదా?"

చెల్లెలు పరుగున వెళ్ళేసరికి అన్నయ్య కుట్టుమిషను ముందున్నాడు. చొక్కా గుండీలు పొట్టమీద పట్టడం లేదు.

"తెచ్చావా?"

"లేదన్నయ్యా. తిండి పోస్తే పురుగులు లేచాయి."

అతను దారం పళ్ళతో కొరికాడు. "తిండెందుకు పోశావే? ఇంటికొచ్చిన అల్లుళ్ళా?"

వదిన నవ్వబోయి ఆగిపోయింది.

"అలా చూస్తేనే చచ్చాయో లేదో తెలిసేది. చూడకముందే నీకు చెప్పేశాను. పద, ఆసుపత్రికి."

"మధ్యలో మానేశాను కదా. పాత మందు మళ్ళీ పనిచేస్తుందా?"

చెల్లెలు కత్తిరింపుల కుప్పకేసి చూసింది. "చెయ్యొచ్చు. చెయ్యకపోవచ్చు. మందు తగిలి కూడా బతికిన పురుగు మొండికేస్తుంది."

అన్నయ్య మిషను మీద గుడ్డ కప్పి లేచాడు.

ఆసుపత్రిలో మొదటినుంచీ మొదలుపెట్టాలన్నారు. నర్సు సూది సిద్ధం చేస్తుంటే, చెల్లెలు అతని చెయ్యి పట్టుకోబోయింది. అతను చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వు బయట కూర్చో అమ్మడూ. నీ మొహం చూస్తే మళ్ళీ ఆశ పుడుతుంది."

ఆమె బయటికొచ్చి బల్లమీద కూర్చుంది. లోపలినుంచి మూలుగు వినబడింది. వదిన వచ్చి పక్కన కూర్చుంది.