నేలకానని మడమలు

సదాశివరావు దవడ ఆఫీసులో అందరి ముందూ పట్టేసింది. ఫైలు వేరే సెక్షనుకి పంపిన అసిస్టెంటు మీద అరుస్తూ ఉండగా మాట మధ్యలో నోరు బిగుసుకుపోయింది. చివరికి ఆ అసిస్టెంటే ఆయన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అందుకు ఆయనకి ఇంకా ఒళ్ళు మండింది.

ఎముకలో లోపమేమీ లేదన్నాడు పళ్ళ డాక్టరు. పళ్ళు మాత్రం కొరికి కొరికి సగం అరిగిపోయాయట. ఇందిరాపురంలో ప్రణతి అనే తెలుగావిడ ఉందనీ, ఒంటి ద్వారా మనసుకి వైద్యం చేస్తుందనీ చెప్పి చీటీ రాసిచ్చాడు. సదాశివరావు దాన్ని చింపబోతే భార్య లక్ష్మీకుమారి లాక్కుంది.

"మీ అడుగుల చప్పుడు విని మేం ఏ గదిలో ఉండాలో చూసుకుంటున్నాం. నేనూ, పిల్లా, అత్తయ్యగారూ. మీరు వెళ్ళాల్సిందే," అంది.

దేశ రాజధానిలో తాముండే ఆర్.కె. పురం గవర్నమెంటు క్వార్టర్స్ నుంచి మెట్రోలు మారి ఇందిరాపురం చేరేసరికి గంటన్నర పట్టింది. ఒక ఫ్లాటులో ముందు గది. మంచం లేదు, మందులు లేవు. నేలమీద చాప. ప్రణతికి నలభై ఏళ్ళుంటాయి. బాల్యం గురించి ఒక్క ముక్క అడగలేదు. ఎంత వేగంగా తింటారు, ఏ పక్కకి తిరిగి పడుకుంటారు, వెనకనుంచి ఎవరైనా పిలిస్తే ఒళ్ళు ఏమవుతుంది, ఇవీ ఆవిడ ప్రశ్నలు. తరవాత మందపాటి తువ్వాలు చేతికిచ్చి, బలం కొద్దీ పిండమంది.

"నేను డిప్యూటీ సెక్రటరీనండీ. బట్టలు పిండడానికి వచ్చానా?"

"కోపం వచ్చింది కదా. ఎక్కడ వచ్చిందో చూసి చెప్పండి."

"ఎక్కడేమిటి? మీ మీద వచ్చింది."

"నా మీదే. మీ ఒంట్లో ఎక్కడ?"

ఇంటికొచ్చి, ఆవిడకి పిచ్చి అని తేల్చేశాడు. కానీ ఆ రాత్రి ఆరేళ్ళ తరవాత తెల్లవారేదాకా మెలకువ రాకుండా నిద్రపోయాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా మళ్ళీ శనివారం వెళ్ళాడు.

మూడోసారి వెళ్ళినప్పుడు గోడకి రెండు చేతులూ ఆనించి నెట్టమంది. నెట్టాడు. ఆవిడ పక్కన కూర్చుని ఆయన పాదాలకేసి చూస్తూ ఉంది.

"సదాశివరావుగారూ, మీ మడమలు నేలకి ఆనటం లేదు. వచ్చిన రోజు నుంచీ చూస్తున్నాను. మునివేళ్ళ మీదే నిలబడతారు. ఎక్కడికో పరిగెత్తబోతున్నట్టు."

ఆయన నెట్టడం ఆపలేదు. కాళ్ళు వణకడం మొదలుపెట్టాయి. గొంతులోంచి, తనదని గుర్తుపట్టలేని మూలుగొకటి వచ్చింది. ఒక్కసారిగా ఆయన మళ్ళీ తణుకు బస్టాండులో ఉన్నాడు. ఆరేళ్ళ వయసు. మేనమామ ఇంట్లో ఆడుకుంటూ ఉండు, మందుల షాపుకి వెళ్ళొస్తానంది అమ్మ. చెల్లెలు కమలని చంకన వేసుకుని వెళ్ళింది. చాలాసేపైనా రాకపోయేసరికి వెతుక్కుంటూ వచ్చాడు. కదిలిపోతున్న బస్సులో అమ్మ చీర కనిపించింది. బస్సు వెనక పరిగెత్తాడు. చెప్పులు జారిపోయాయి. రైస్‌మిల్లు దాకా పరిగెత్తాడు. అక్కడ మామయ్య పట్టుకుని చెంప పగలగొట్టి, ఏడిస్తే ఇంకోటి పడుతుందన్నాడు. పళ్ళు బిగించాడు. నాన్న పనిచేసే భిలాయిలో ఇల్లు దొరికేదాకా, అయిదేళ్ళు మామయ్య ఇంట్లోనే ఉన్నాడు. అదంతా తెగి తెగి ఆవిడకి చెప్పాడు.

"ఇదంతా నాకు తెలిసిందే. కొత్తగా మీరు చెప్పిందేమీ లేదు," అన్నాడు గోడకేసే చూస్తూ. కళ్ళు కారుతున్నాయి.

"అవును. మీ కాళ్ళకి మాత్రం ఆ పరుగు ఇంకా పూర్తి కాలేదు," అంది ప్రణతి.

ఇంటికొచ్చేసరికి తల్లి హైమవతి బాల్కనీలో ఎండకి కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. డెబ్భై ఎనిమిదేళ్ళు. పదేళ్ళుగా కొడుకు దగ్గరే ఉంటోంది. మందులూ, శాలువాలూ, డాక్టర్లూ, దేనికీ లోటు లేదు. కానీ ఆమె పక్కన అయిదు నిమిషాలు కూర్చున్న రోజు ఆయనకి గుర్తులేదు. ఆ రోజు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"తణుకులో నన్నెందుకు చెప్పకుండా వదిలేశావు?"

ఆమె చేతులు ఆగాయి. "చెబితే ఏడుస్తావని. భిలాయిలో ఒక్క గదిరా, మీ నాన్నకి ఒంట్లో బాగుండేది కాదు. నువ్వు అసలు ఏడవలేదని మామయ్య ఉత్తరం రాశాడు. ఎంత బుద్ధిమంతుడో అనుకున్నాను."

"నేను బస్సు వెనక పరిగెత్తానమ్మా."

"చూశాను," అంది హైమవతి.

ఆయనకి అర్థం కాలేదు. "ఏం చూశావు?"

"వెనక సీటులోనే ఉన్నాను. అద్దంలోంచి కనిపించావు. మిల్లు దాకా."

"ఆపమని చెప్పలేదా?"

"చెప్పలేదు. దిగితే మళ్ళీ ఎక్కలేననుకున్నాను."

ఒళ్ళంతా నిప్పు పాకింది. బఠాణీల పళ్ళెం కింద పడింది. తన్నాడో, చెయ్యి తగిలిందో తెలియదు. లక్ష్మీకుమారి పరుగున వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఎప్పటిలా అయితే ఈపాటికి అరిచి, తలుపు విసిరికొట్టి వెళ్ళిపోయేవాడు. ఈసారి నిలబడ్డాడు. మడమలు నేలకి నొక్కిపెట్టి, కుర్చీ వీపు రెండు చేతులా పట్టుకున్నాడు.

"నాకు నీ మీద కోపంగా ఉంది. యాభై ఏళ్ళ కోపం. దాన్ని నా పెళ్ళాం మీదా, పిల్ల మీదా, ఆఫీసులో వాళ్ళ మీదా పోశాను. ఒక్కరోజు కూడా నీ మీద చూపలేదు. నువ్వు మళ్ళీ వెళ్ళిపోతావని."

అరవకుండా అన్నాడు. హైమవతి తల దించుకుని కూర్చుంది. క్షమించమని అడగలేదు. అడిగి ఉంటే ఆయన భరించలేకపోయేవాడు.

మరుసటి శనివారం ప్రణతి మీద కూడా కోప్పడ్డాడు.

"ఇప్పుడేం చెయ్యమంటారు? క్షమించాలా?"

"నేనలా అనలేదే."

"పోతుందా ఇది?"

"కదిలింది. ఎన్నాళ్ళకి పోతుందో నాకు తెలియదు."

నెల రోజులు ఆయన తల్లితో అవసరమైన మాట తప్ప ఆడలేదు. ఆఫీసులో అరుపులు తగ్గాయి. అసిస్టెంటుకి క్షమాపణ చెబితే అతను కంగారుపడి, ఠీక్ హై సర్, పర్లేదు అంటూ ఫైలు అందుకున్నాడు. ఇంట్లో కూతురు ఆయన ఉండగానే హాల్లో కూర్చుని చదువుకోవడం మొదలుపెట్టింది.

ఒక ఆదివారం పొద్దున హైమవతి సంచి సర్దుకుని హాల్లోకి వచ్చింది.

"ఫరీదాబాద్‌లో కమల దగ్గర కొన్నాళ్ళు ఉంటానురా. నన్ను చూస్తే నీకు కష్టంగా ఉంది."

"కష్టంగానే ఉంది," అన్నాడు సదాశివరావు. లేచి ఆమె చేతిలోని సంచి తీసుకున్నాడు. "అయినా వెళ్ళొద్దు. నా కోపం అయిపోయేదాకా ఇక్కడే ఉండు."

"ఎన్నాళ్ళు పడుతుందో?"

"తెలియదు. కూర్చో."

ఆమె కూర్చుంది. ఆయన కూడా, కొంచెం దూరంగా.