నడుము దగ్గర అతుకు

పెళ్ళయి నెల తిరక్కుండానే రంజనికి అత్తగారితో మొదటి పేచీ వచ్చింది, అదీ ఒక గోడ కోసం. పొల్లాచ్చిలో కొత్త జంటకిచ్చిన గదిలో ఖాళీగా ఉన్న గోడ అదొక్కటే. అక్కడ కొబ్బరి మండీ వాళ్ళిచ్చిన క్యాలెండరు తగిలించాలని అత్తగారు పరమేశ్వరి పట్టు. పాత సినిమా పోస్టరు పెట్టాలని రంజని ముచ్చట. మొగుడు కుమరేశన్ వాళ్ళ తాత ఒకప్పుడు ఉడుమలైపేట దగ్గర డేరా సినిమా నడిపాడు. మిగిలిన పోస్టర్లు అటక మీద పెట్టెనిండా ఉన్నాయని తెలిసి ఆ పిల్ల ఎగిరి గంతేసింది.

చివరికి పరమేశ్వరే కాస్త మెత్తబడింది. "పెట్టుకో కన్నా. ఏడ్చే ఆడది మాత్రం వద్దు. కొత్త కాపురంలో అళుమూంజి, ఏడుపు మొగమేల?"

"సరింగత్తా!" అంది రంజని. ఇంత సులువైన షరతా అనుకుంది.

పెట్టె తెరిచాక తెలిసింది. మొదటి పోస్టరులో హీరోయిన్ హీరో కాళ్ళు పట్టుకుని ఏడుస్తోంది. తర్వాతి దాంట్లో పిల్లాణ్ణి చంకనేసుకుని వానలో ఏడుస్తోంది. మరోదాంట్లో తాళి కళ్ళకద్దుకుంటోంది. ఒక్కో కన్నీటి చుక్కా కొబ్బరి ముక్కంత ఉంది. ఏడవని వాళ్ళు హీరో భుజాన మూటల్లా వేలాడుతున్నారు.

"మీ తాత డేరాలో ఆడోళ్ళకి నవ్వే రాదా?"

"ఏడ్చేదానికే టికెట్టు కొనిరంట," అన్నాడు కుమరేశన్.

అట్టడుగున ఒక్కతి నవ్వుతూ దొరికింది. క్లబ్బు డాన్సరు. రెండు చేతులూ ముందుకు చాచి, సూటిగా చూస్తోంది. కానీ అది రెండు కాగితాల పోస్టరు. నడుము కింది కాగితం లేదు. ఇంకో పోస్టరుకి పై కాగితం చెదలు తినేస్తే మోటారు సైకిలూ, దాని మీద ఎవరివో కాళ్ళూ మిగిలాయి.

రంజని రెంటినీ నేల మీద పరిచి దగ్గరికి జరిపింది. చేతులు సరిగ్గా హ్యాండిల్ మీదికొచ్చాయి! పైన మెరుపుల రవిక, కింద నల్ల ప్యాంటు, బూట్లు. ఇద్దరూ పడీపడీ నవ్వి, మైదా ఉడికించి అట్ట మీద అంటించి గోడకి ఆనించారు.

కొబ్బరి తోపు నుంచి మోపెడ్ మీద వచ్చిన పరమేశ్వరి గది గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవురు ఇది? డాన్సాడేదా?"

"ముందు అంతేనత్తా. ఇప్పుడు బండి తోలేది."

పరమేశ్వరి లోపలికొచ్చి, వంగి హ్యాండిల్ మీది చేతుల్ని చూసింది. "నేను మొదట బండి తోలినప్పుడు వీధంతా నిలబడి చూసిరి. వీళ్ళ తాత నాతో పలకనే లే."

తన నుదుటి బొట్టుబిళ్ళ తీసి డాన్సరు నుదుట అంటించి, అట్ట ఎత్తి చంకలో పెట్టుకుంది.

"అత్తా, ఏడకి?"

"హాలుకి. వచ్చేవాళ్ళంతా చూడొద్దా? మీ గదికి క్యాలెండరు ఉండాదే."

"నీ గోడ పోయింది," అన్నాడు కుమరేశన్ నవ్వు ఆపుకుంటూ.

రంజని అప్పటికే స్టూలూ సుత్తీ తీసుకుని హాల్లోకి పరిగెత్తింది.