బాగైనట్టే లెక్క

నేను ఒక స్టీలు గ్లాసును. నా మాటలో మర్యాద తక్కువైతే సర్దుకోండి, ముందే చెబుతున్నాను. పదహారేళ్లు మీ నోళ్ల దగ్గర బతికినదాన్ని. ఆ నోట్లోకి ఏం పోతుందో, అందులోంచి ఏం వస్తుందో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నా పుట్టుక గొప్పదేమీ కాదు. ఎక్కడో ఒక షెడ్డులో ఓ మిషను రేకుముక్కను మింగి, ఒక్క గుద్దు గుద్ది నన్ను కక్కింది. అంచు మడిచారు, మెరుగు పెట్టారు, అట్టపెట్టెలో పడేశారు. తర్వాత పాత బట్టలకు స్టీలు సామాన్లు ఇచ్చే ఒకామె గంపలో కూర్చుని పెద్దపల్లి వైపు ఒక ఊరికి వచ్చాను. అక్కడ భూలక్ష్మి అనే ఆమె జరీ అంచు చీర ఒకటి ఇచ్చి, గంటసేపు బేరమాడి నన్ను తీసుకుంది. మరునాడు బజారుకు పోయి నా నడుము మీద పేరు చెక్కించింది. పోయిన చీర ఆమెది. పడిన పేరు మాత్రం మొగుడిది, 'బి. రాజేశం' అని. ఇదేం న్యాయమని అడుగుదామనుకున్నాను గానీ, ఆమె ముఖంలో సంబరం చూసి ఊరుకున్నాను.

రాజేశం మోటార్లు చుట్టే మెకానిక్. కాలిపోయిన బోరు మోటారును విప్పి, పాత రాగితీగ పీకేసి, కొత్త తీగను చుట్టు చుట్టూ లెక్కపెట్టుకుంటూ ఎక్కించేవాడు. లెక్క తప్పితే మోటారు వారం తిరగదు. అతను చుట్టిన మోటారు ఐదేళ్లు తిరిగేది. ఎండాకాలం పొలాలు ఎండుతుంటే రైతులు అతని షెడ్డు ముందు బండ మీద కూర్చుని దేవుణ్ని చూసినట్టు అతని వేళ్లను చూసేవాళ్లు. రోజుకు నాలుగుసార్లు నాలో చాయ పోసుకునేవాడు. నాకు ఆ రోజులే రోజులు.

మా వైపు ఒక మర్యాద ఉంది. మోటారు బోరులో దింపి నీళ్లు పడ్డ రోజున మెకానిక్‌కు మందు పోయించాలి. పోయించకపోతే రైతుకు నామోషీ, తాగకపోతే మెకానిక్‌కు పొగరని పేరు. ఆ మర్యాద నాలోనే పోశారు. మొదట నెలకోసారి, తర్వాత వారానికోసారి. ఆ పైన మోటారు లేకపోయినా మర్యాద మాత్రం రోజూ జరిగింది. ఆరేళ్లు గడిచేసరికి పొద్దున్నే రెండు గుటకలు పడితే తప్ప అతని వేళ్లు తీగను పట్టుకోలేని స్థితి వచ్చింది. తాగబోసినవాళ్లే ఇప్పుడు "వాడు తాగుబోతురా, వానికి మోటారు ఇయ్యకు" అనడం మొదలుపెట్టారు. అది వింటుంటే నాకు ఒళ్లు మండిపోయేది. పోసిన చెయ్యి ఎవడిదిరా?

కళ్లు పచ్చబడ్డాక పట్నంలో డాక్టరుకు చూపించారు. కాలేయం చాలావరకు పాడైందనీ, ఇంకా తాగితే మనిషి దక్కడనీ ఆయన భూలక్ష్మితో ఉన్నమాట చెప్పేశాడు. ఆమె ఇంటికొచ్చి నన్ను బూడిదతో తోముతూ, తోముతూ, తోముతూనే ఉండిపోయింది. ఆమెకు కావలసింది ఒక్కటే, మనిషి దక్కాలి.

మొదట ఒక ప్రైవేటు కేంద్రంలో చేర్పించారు. పేరు చెప్పను. ఒక తెల్లవారుజామున ఇద్దరు మనుషులు బండిలో వచ్చి అతన్ని గొడ్డును ఎక్కించినట్టు ఎక్కించారు. ఎవరి కంచం, ఎవరి గ్లాసు వాళ్లే తెచ్చుకోవాలని అక్కడి నియమం. అలా నేనూ లోపలికి పోయాను.

గేటుకు తాళం, కిటికీలకు ఇనుప జాలీ. గోడ మీద డాక్టరు పేరు పెద్దక్షరాల్లో ఉంది గానీ, మేమున్న తొంభై రోజుల్లో డాక్టరు నా కంట పడలేదు. మూడో రోజుకు రాజేశానికి గోడల మీద తేళ్లు పాకుతున్నట్టు కనపడ్డాయి. ఒళ్లంతా చెమట, వణుకు, అరుపులు. ఏళ్ల తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి రావచ్చనీ, పక్కన డాక్టరు ఉండి మందులివ్వాలనీ నాకు తర్వాతెప్పుడో తెలిసింది. వీళ్లు చేసిందేమిటంటే, అతన్ని మంచానికి కట్టేసి, నాలో నీళ్లు నింపి ముఖాన కొట్టారు. నాతోనే కొట్టారు! చాయ తాగే గ్లాసును మీరు దేనికైనా వాడగలరని ఆ రోజు అర్థమైంది.

తర్వాత రోజూ పొద్దున వరసలో నిలబెట్టి "నేను తాగుబోతును, నేను సిగ్గులేనివాణ్ని" అని వందసార్లు అనిపించేవాళ్లు. దాన్ని చికిత్స అన్నారు. గేటు మీద 'నూటికి తొంభై ఐదు మంది బాగయ్యారు' అని రాసి ఉంది. ఆ తొంభై ఐదు ఎలా వచ్చిందో చెబుతాను వినండి. తొంభై రోజులు తాళం వేసి ఉంచుతారు. గేటు దాటే రోజున మనిషి తాగి ఉండడు. ఎలా ఉంటాడు మరి, లోపల మంచినీళ్లకే కటకట! అయినా సరే, బాగైనట్టే లెక్క. ఇంటికి పోయాక ఏమయ్యాడని ఒక్కడూ అడగడు. రాజేశం పక్క మంచం మీద మంథని నుంచి వచ్చిన ఒకతను ఉండేవాడు. అది నాలుగోసారి రావడం. ముందు మూడుసార్లూ అతను బాగైనవాళ్ల లెక్కలోనే ఉన్నాడు. ఒక్క మనిషి మూడుసార్లు బాగయ్యాడు, ఇంతకంటే గొప్ప వైద్యం ఎక్కడైనా ఉంటుందా?

రాజేశాన్ని దండ వేసి, ఫొటో తీసి పంపారు. ఇంటికొచ్చిన పదకొండో రోజున తాగాడు. భూలక్ష్మి ఏడుస్తూ ఫోన్ చేస్తే ఆ కేంద్రం నడిపే సారు, "మీ ఆయనకు మనసు లేదమ్మా, మేమేం చేస్తం?" అన్నాడు. బాగైతే వాళ్ల గొప్పతనం, కాకపోతే అతని తప్పు. నాకే గనక నోరుంటే ఆ ఫోన్‌లోకి దూరి నాలుగు దులిపేదాన్ని.

రెండోసారి భూలక్ష్మి ఎవరినీ అడగలేదు. తనే అతన్ని ఆటోలో కూర్చోబెట్టుకుని, సంచిలో నన్నూ వేసుకుని సర్కారు దవాఖానకు తీసుకుపోయింది. అక్కడ రూత్ అనే నర్సు ఉంది. అందరూ రూత్ సిస్టర్ అంటారు. తాళం లేదు, తిట్లు లేవు. వణుకు తగ్గడానికి సూదులు, గోళీలు, పది రోజులు డాక్టరు రెండు పూటలా చూడటం. ఆ తర్వాత అసలు పని మొదలైంది. ఏ పూట తాగాలనిపిస్తుంది, ఎవరు కలిస్తే అనిపిస్తుంది, ఏ వాసనకు అనిపిస్తుంది అని రోజుకో గంట కూర్చుని అడిగేది. భూలక్ష్మిని కూడా కూర్చోబెట్టి చెప్పింది.

"అమ్మా, ఇది జ్వరం కాదు, వచ్చి పోవడానికి. షుగరు లెక్క. ఎప్పుడూ చూసుకోవాల్సిందే. పదిహేను రోజులకోసారి ఇద్దరూ రండి. ఇంట్లో చుక్క మందు ఉండొద్దు. దావతులకు పోవద్దు. ఒకవేళ తాగిండే అనుకో, తిట్టకు, దాచకు. ఆ రోజే తీసుకురా. ఎంత తొందరగా వస్తే అంత మంచిది."

రెండో నెలలో ఒకసారి తాగాడు. మరునాడు తలొంచుకుని దవాఖానకు పోతే, రూత్ సిస్టర్ "వచ్చినవ్ కదా, అది చాలు" అని కుర్చీ చూపించింది. అంతే. మళ్లీ తాగలేదు. ఎనిమిది నెలలు! కళ్లు తెల్లబడ్డాయి, అన్నం సయించింది. వేళ్లు నిలబడ్డాయి. మళ్లీ షెడ్డు ముందు బండ మీద రైతులు కూర్చున్నారు. నాలో మళ్లీ చాయ. అల్లం దంచి వేసిన చాయ. మోటారు దింపినచోట ఎవరైనా సీసా తీస్తే "నాకు చాయ పొయ్యిండ్రి" అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వుకు అతను ఎంత బలం కూడదీసుకునేవాడో నన్ను పట్టుకున్న వేళ్ల బిగువు చెప్పేది.

ఇక్కడ అతని తల్లి మల్లవ్వ సంగతి చెప్పాలి. మల్లవ్వ చెడ్డ మనిషి కాదు. నా కోపమంతా అందుకే. చెడ్డదైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని. కొడుకు తాగుడు మానితే ఎల్లమ్మ తల్లికి యాటపోతును కోసి, ఆమె ముందు నేల మీద కల్లు ధారగా సాక పోసి, చుట్టాలందరికీ దావత్ ఇస్తానని ఆమె ఏనాడో మొక్కుకుంది. కొడుకు మానాడు. ఇక మొక్కు చెల్లించాలి. తాగుడు మానినందుకు కల్లు పోయడమేమిటని ఆ ఇంట్లో ఒక్కరికే తట్టింది.

"అత్తమ్మా, యాటను కోద్దాం, బువ్వ పెడదాం. మందు మాత్రం వద్దు. సిస్టర్ ఒద్దన్నది" అంది భూలక్ష్మి.

"సాక పొయ్యకుంటే తల్లి ఊకుంటదానే? ఆమె దయతోనే కదా నా కొడుకు నిలవడ్డది. చుట్టాలకు మందు పొయ్యకుంటే మొక్కు చేసినట్టా, మోసం చేసినట్టా?"

భూలక్ష్మి తమ్ముడు తిరుపతి పక్కనుంచి అందుకున్నాడు. "ఏందక్కా నువ్వు! బావ బాగైండు కదా. తాగెటోళ్లు తాగుతరు, బావ చాయ తాగుతడు. గింతదానికి భయపడుడేంది?"

బాగైండు కదా! ఆ మాట వింటే ఇప్పటికీ నా అంచు అదురుతుంది. తాళం వేసిన సారుదీ అదే లెక్క, ప్రేమించిన తల్లిదీ అదే లెక్క. మనిషి బాగవడమంటే చిల్లుకు బిల్ల అతికించిన బక్కెట్టు అనుకున్నారు, ఇక ఎన్ని నీళ్లయినా పోయొచ్చని.

ఆదివారం మధ్యాహ్నం ఎల్లమ్మ గుడి ముందు షామియానా వేశారు. డప్పులు, యాట కూర వాసన, తిరుపతి దింపిన మందు పెట్టెలు. వచ్చిన ప్రతి చుట్టమూ రాజేశం భుజం తట్టి "శభాష్ రా, తాగుడు బంద్ జేసినవట" అని, ఆ చేత్తోనే గ్లాసు ఎత్తాడు. రాజేశం నన్ను రెండు చేతులతో పట్టుకుని ఓ మూల కూర్చున్నాడు. నాలో చాయ చల్లారిపోయింది. అతను తాగలేదు, పారబోయలేదు, నన్ను వదల్లేదు. చెమటతో నా ఒళ్లు జారిపోతోంది. లేచి ఇంటికి పోరా నాయనా అని లోలోపల ఎంత మొత్తుకున్నానో! మొక్కు అతని పేరు మీదిదాయె, ఎలా పోతాడు?

మల్లవ్వ అమ్మవారి ముందు సాక పోసింది. కుండలో కాస్త మిగిల్చింది. సాక పోశాక మిగిలింది మొక్కు ఎవరి పేరు మీద ఉందో వాళ్ల నోట్లో పడాలట. కొడుకు చేతిలోంచి నన్ను తీసుకుని, చాయ నేల మీద పారబోసి, ఆ కల్లు నాలో పోసింది.

"తల్లి సాక బిడ్డా. మందు కాదు. కాదనొద్దు, పాపం."

"అవ్వా, వద్దే" అన్నాడు రాజేశం.

"ఒక్క గుటక, నా కొడుకువి గాదూ!"

పొయ్యి దగ్గర్నుంచి భూలక్ష్మి పరిగెత్తుకొచ్చింది. అప్పటికే నా అంచు అతని పెదవులకు తగిలి ఉంది. డప్పులు మోగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నేను స్టీలు గ్లాసును, పగలడం నాకు రాదు. ఆ రోజు మాత్రం గాజుదాన్నై పుట్టి ఉంటే అతని చేతిలోనే పగిలిపోయి ఉండేదాన్ని.

మరునాడు పొద్దున అతనే అన్నాడు, "సిస్టర్ దగ్గరికి పోదాం" అని. భూలక్ష్మి చెప్పులేసుకుంది. మల్లవ్వ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నిన్ననే కదా ఊరందరికి దావత్ ఇచ్చినం. ఇయ్యాల మళ్ల దవాఖానకు పోతే ఇజ్జత్ ఉంటదా? రెండొద్దులు ఆగు, అదే పోతది."

ఆగారు. రెండు రోజులు పోయి ఆరు రోజులైంది. ఆ ఆరు రోజులూ అతను నన్ను ఖాళీగా ఉంచలేదు. మధ్యలో రూత్ సిస్టర్ తనే ఫోన్ చేసింది, రావాల్సిన రోజు ఎందుకు రాలేదని. అత్త ఎదురుగా కూర్చుని ఉంది. భూలక్ష్మి ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని, "మంచిగనే ఉన్నడు సిస్టర్" అంది. ఏడో రోజు పొద్దున రాజేశం రక్తం కక్కుకున్నాడు. ఆటో దవాఖాన గేటులోకి తిరిగేలోపే పోయాడు.

మూడో రోజున పిట్టకు పెట్టడానికి ఈ వల్లకాటికి వచ్చారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టి, కాకి ముట్టేదాకా దూరంగా నిలబడతారు. బువ్వ, కూర పెట్టారు. తిరుపతి నన్ను సంచిలోంచి తీసి, సీసా మూత తిప్పి నా అంచుదాకా నింపాడు. "బావకు పానం కదా ఇదంటే" అని కళ్లు తుడుచుకున్నాడు. కాకి రాలేదు. "కోరిక మిగిలినట్టుంది, ఇంకింత పొయ్యిండ్రి" అన్నాడో పెద్దమనిషి.

భూలక్ష్మి వచ్చి నన్ను లాక్కుంది. నాలో ఉన్నదంతా మట్టిలో పోసింది. కొంగుతో నా లోపల తుడుస్తూ అరిచింది.

"ఆయనకు ఇష్టమైంది చాయ! ఎనిమిది నెలలు చాయ తాగి బతికిండు. మీ కండ్లకు కనవడలేదా? ఒక్కలన్న చాయ తెచ్చిండ్రా?"

ఇద్దరు ఆడవాళ్లు ఆమెను రెక్క పట్టుకుని అవతలికి తీసుకుపోతుంటే ఆమె చేతిలోంచి జారి మట్టిలో పడ్డాను. తిరుపతి నన్ను మట్టిలోంచి ఏరి, తుడిచి, సీసాలో మిగిలింది మళ్లీ నాలో పోశాడు. కాసేపటికి కాకి వచ్చింది, బువ్వ తిని పోయింది. నా వైపు కన్నెత్తి చూడలేదు. అయినా అందరూ "ముట్టింది, ముట్టింది, తృప్తిపడ్డడు" అని ఊపిరి పీల్చుకున్నారు. పిట్టకు పెట్టిన గిన్నెలు ఇంటికి తీసుకుపోకూడదట, అందుకని నన్ను ఇక్కడే వదిలేసి, ఇంటి దగ్గర తమకోసం సిద్ధంగా ఉన్న మందు వైపు త్వరత్వరగా నడిచిపోయారు.