తోంగ్‌బై కుండలో బియ్యం

తోంగ్‌బై ఒంటరి మనిషి. ఒంటరి మనిషి సాయంత్రం రెండు పిడికిళ్ళ జిగురుబియ్యం నానబెట్టుకుంటే మర్నాడంతా సరిపోతుంది. మా ఊళ్ళో ఎవరింట్లో ఎందరున్నారో తెలుసుకోవాలంటే తలుపు తట్టక్కర్లేదు, నానబెట్టిన కుండలోకి ఒకసారి తొంగి చూస్తే చాలు. ఆ మార్చి నెలాఖరులో ఒక సాయంత్రం తోంగ్‌బై కుళాయి దగ్గర కూచుని బియ్యం కడుగుతుంటే కంచె మీదుగా చూశాను. నాలుగు పిడికిళ్ళకు ఏమాత్రం తక్కువ లేవు.

"ఎవరొచ్చారక్కా?" అన్నాను.

"ఎవరొస్తారు నాకు? చేపల్లో అన్నం కలిపి పులియబెడదామని కాసిని ఎక్కువ పోశాను" అంది, కుండ మీద భుజం మీది తువ్వాలు కప్పేస్తూ.

చేపలు పులియబెట్టాలంటే ముందు చేపలుండాలి. ఆమె ఇంట్లో చేప పొలుసు కూడా లేదని నాకు తెలుసు, ఎందుకంటే ఆ వారం చేపల బండి మా వీధికి రానే లేదు. అబద్ధమాడే వాళ్ళు కాస్త ఆలోచించి ఆడితే వినేవాళ్ళకి గౌరవంగా ఉంటుంది.

నేను ఊరి ఆరోగ్య సేవికల్లో ఒకదాన్ని. పదిహేను ఇళ్ళు నా కింద ఉన్నాయి. మామూలు రోజుల్లో దోమలు గుడ్లు పెట్టే నీళ్ళతొట్లు చూడడం, ముసలివాళ్ళ రక్తపోటు రాసుకోవడం నా పని. ఆ నెలలో మాత్రం నేను పోలీసు కంటే ఎక్కువైపోయాను. కరోనా అని బ్యాంకాక్‌లో దుకాణాలు మూసేశారు, బస్సుల కోసం జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారని టీవీలో చూపించారు. ఆ జనంలో సగం మా వైపు పిల్లలే. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పొలాల్లో గుడిసెలకి పోయి పద్నాలుగు రోజులు ఉండాలి, ఇంటివాళ్ళు అన్నం గట్టు మీద పెట్టి వచ్చేయాలి, ఎవరూ ముట్టుకోకూడదు. ఈ నిబంధన ఊరి మైకులో రోజూ చదివేది నేనే.

మిగతా ఏర్పాట్లు కూడా చూసుకున్నాం. ఊరి మొదట్లో వెదురు గడ అడ్డం కట్టాం. పాత లుంగీలు కత్తిరించి మాస్కులు కుట్టాం. జ్వరానికి మందని చెప్పుకునే నేలవేము మొక్క ఎవరి పెరట్లో ఉందో వాళ్ళకి ఒక్కసారిగా చుట్టాలు పుట్టుకొచ్చారు. కోడిగుడ్లు అంగట్లో కనబడడం మానేశాయి. నేను ముప్పై గుడ్లు, పన్నెండు సబ్బులు, రెండు డబ్బాల ఉప్పు మంచం కింద పెట్టుకున్నాను, వాటి సంగతి మాత్రం మైకులో చెప్పలేదు.

ఇంత హడావిడీ మా అమ్మ కోసం. అమ్మకి ఎనభై రెండేళ్ళు. వయసులో ఉన్నప్పుడు క్షయ వచ్చి ఒక ఊపిరితిత్తి సగం పాడైంది. నాలుగు మెట్లెక్కితే రెండుసార్లు ఆగుతుంది. ఈ జబ్బు మా గడప తొక్కితే ముందుగా తీసుకుపోయేది అమ్మనే.

అందుకే నా కూతురు దావ్‌ని కూడా రావద్దన్నాను. అది బ్యాంకాక్‌లో మసాజు దుకాణంలో పనిచేస్తుంది. దుకాణం మూశారని ఫోను చేస్తే, "గదిలోనే ఉండు, ఇటు రాకు, అమ్మమ్మ సంగతి తెలుసు కదా" అన్నాను. "సరేలే అమ్మా" అంది. మర్నాడు మైకులో ఆ సంగతే చెప్పాను. నా కూతుర్నే రావద్దన్నాను, మీరూ మీ పిల్లలకి చెప్పుకోండి అన్నాను. గ్రామపెద్ద ప్రసోంగ్ నలుగురిలో మెచ్చుకున్నాడు. నాకు గర్వంగానే అనిపించింది, దాచుకోవడం దేనికి. ఆ తర్వాత దావ్ ఫోను చేయడం మానేసి మెసేజులు పెట్టేది. తిన్నాను, పడుకున్నాను, బాగున్నాను. చాల్లే, బతికుంది కదా అనుకున్నాను.

నా కళ్ళు రెండూ తోంగ్‌బై ఇంటి మీదే ఉన్నాయి. ఆమె కొడుకు విచియన్ కొరియాలో దొంగచాటుగా పనిచేస్తున్నాడని ఊరందరికీ తెలుసు. కొరియాలో అప్పటికే జబ్బు ఊళ్ళకి ఊళ్ళు చుట్టబెడుతోంది. దొంగచాటుగా పోయినవాడు దొంగచాటుగానే వస్తాడు, వచ్చి పొలం గుడిసెలో పడుకోడు, అమ్మ ఇంటి పైగదిలో పడుకుంటాడు. ఎక్కువైన రెండు పిడికిళ్ళూ వాడివే.

మర్నాడు ఇంకో సంగతి పట్టుకున్నాను. తోంగ్‌బై కుక్క ఎవడైనా కొత్తవాడు గాలి పీల్చినా మొరుగుతుంది. పైగదిలో అడుగుల చప్పుడు నాకే వినిపిస్తుంటే దానికి వినిపించదా? అయినా మెట్ల కింద హాయిగా పడుకుని తోకాడిస్తోంది. అంటే లోపలున్నది దానికి తెలిసిన మనిషే. ఇంకేం కావాలి.

కంచె దగ్గర మళ్ళీ పట్టుకున్నాను.

"విచియన్ ఎలా ఉన్నాడక్కా?"

"బాగున్నాడు. నిన్న వీడియోలో కనబడ్డాడు. కావాలంటే ఇప్పుడే చూపిస్తా."

చూపించింది. విచియన్ తెల్లగోడ ముందు కూచుని, "దణ్ణం పిన్నీ" అన్నాడు. తెల్లగోడ ఎక్కడైనా ఉంటుంది. వాడు పైగదిలో కూచుని కింద ఉన్న అమ్మకి ఫోను చేయలేడా?

"ఆ గోడ మీద మేకు ఒకటి మీ పైగదిలో మేకులాగే ఉందే" అన్నాను.

తోంగ్‌బై నన్ను ఎగాదిగా చూసింది. "బుంఫెంగ్, నీకు జ్వరం కొలిచే మిషనిచ్చారు గానీ బుర్ర కొలిచేది ఇవ్వలేదు" అంది.

నలభై ఏళ్ళుగా ఒకే కుళాయి నీళ్ళు తాగుతున్నాం. నా కాన్పుకి వేణ్ణీళ్ళు కాచింది ఆమే. ఆ వారమంతా ఆమె ముఖంలోకి చూస్తే దొంగ తప్ప ఇంకేమీ కనబడలేదు నాకు.

పెద్ద చిక్కు అమ్మతో వచ్చింది. అమ్మకి రోజూ మధ్యాహ్నం తోంగ్‌బై ఇంటికి పోయి తమలపాకు నములుతూ కూచోవడం అలవాటు. మానమన్నాను. చెవిటిదానిలా నటించింది. గేటుకి తాళం వేశాను. కంచెలో కోళ్ళు దూరే సందులోంచి దూరి పోయింది, ఎనభై రెండేళ్ళ మనిషి. పోయేటప్పుడు తన వెదురుబుట్ట నిండా అన్నం పట్టుకుపోయేది, ఖాళీ బుట్టతో తిరిగొచ్చేది. ఇంట్లో మూడు ముద్దలు తిని చెయ్యి కడుక్కునే అమ్మ బుట్టెడు అన్నం తింటోందంటే నాకు ఒకవైపు సంతోషంగానే ఉండేది. తోడుంటే ఆకలి పుడుతుంది కదా అనుకున్నాను. ఊరందరి అన్నం లెక్కపెట్టిన దాన్ని, నా ఇంటి బుట్ట గురించి అలా అనుకుని ఊరుకున్నాను.

ఆరో రోజు పొద్దున ప్రసోంగ్ దగ్గరికి పోయాను.

"తోంగ్‌బై ఇంట్లో మనిషిని దాచింది."

"చూశావా?"

"చూడక్కర్లేదు. రెండు పిడికిళ్ళ కుండలో నాలుగు పిడికిళ్ళు పోస్తోంది, ఆరు రోజులుగా."

ప్రసోంగ్ చుట్ట పక్కన పెట్టాడు. పట్నం అధికారి అయితే నవ్వి పంపేసేవాడు. ఈయన మా ఊరివాడు. "నాలుగా?" అన్నాడు. "అయితే ఆ ఇంట్లో ఇద్దరున్నారు. నువ్వే వెళ్ళి చూడు. గొడవ చేయకు, పేరు రాసుకుని గుడిసెకి పంపు. మాట వినకపోతే నాకు కబురు చెయ్యి."

మధ్యాహ్నం అన్నాల వేళకి పోయాను. అన్నం దగ్గర ఎవరూ దాక్కోలేరు. మాస్కు బిగించి, జ్వరం కొలిచే మిషను చేత్తో పట్టుకుని, పిలవకుండా మెట్లెక్కాను. కుక్క తల ఎత్తి చూసి మళ్ళీ పడుకుంది. మెట్ల దగ్గర తోంగ్‌బై చెప్పులు, మా అమ్మ చెప్పులు ఉన్నాయి. పైన నవ్వులు వినబడుతున్నాయి. అమ్మ అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. విచియన్‌గాడి పిలక పట్టుకుందామని తలుపు ఒక్కసారిగా తోశాను.

చాప మీద ముగ్గురు కూచుని ఉన్నారు. మధ్యలో ఒకే గిన్నెలో దంచిన పచ్చి బొప్పాయి పచ్చడి. మూడు చేతులు అందులోనే ఉన్నాయి. ఒకటి తోంగ్‌బైది, ఒకటి మా అమ్మది, మూడోది దావ్‌ది.

నా కూతురు.

నోట్లో ముద్ద అలాగే పెట్టుకుని నా వైపు చూసింది. చిక్కిపోయింది. జుట్టు కత్తిరించుకుంది. దాన్ని చూడగానే నాకు వచ్చింది సంతోషం కాదు, భయం. ఆ భయం వచ్చినందుకు ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేదు.

"అమ్మా, చెయ్యి తియ్యి" అని అరిచాను. నేనన్నది మా అమ్మతో. అమ్మ తాపీగా ముద్ద ముంచుకుని నోట్లో పెట్టుకుంది.

"ఎందుకు తియ్యాలే?"

"దానికి జబ్బుంటే నువ్వు పోతావు. నీ ఊపిరితిత్తి సంగతి మర్చిపోయావా?"

"ఆ ఊపిరితిత్తి నాది. ఇది నా మనవరాలు. ఆరు రోజులుగా దీంతోనే తింటున్నా. పోయేదాన్నైతే ఈపాటికి సగం పోయుండేదాన్ని."

"నువ్వైనా చెప్పాలి కదా" అని తోంగ్‌బై మీదకి తిరిగాను. "వేరే గిన్నెలో పెట్టొచ్చు కదా. నీకు బుద్ధి లేదా?"

"మొదటి రోజు వేరేగానే పెట్టాను" అంది తోంగ్‌బై. "మీ అమ్మ ఆ గిన్నె తీసుకెళ్ళి కుక్కకి పోసింది. ఇక నువ్వే చెప్పుకో మీ అమ్మకి."

అయినా చేయాల్సింది చేశాను. గుమ్మంలోనే నిలబడి, చెయ్యి బాగా ముందుకి చాపి, ముందు అమ్మ నుదురు కొలిచాను. తర్వాత తోంగ్‌బైని కొలిచాను. ఇద్దరికీ జ్వరం లేదు. దావ్ వంతు వచ్చేసరికి అది లేచి, ముంగురులు వెనక్కి తోసుకుని, కళ్ళు మూసుకుని నుదురు ముందుకి పెట్టింది. చిన్నప్పుడు పౌడరు రాయించుకోవడానికి అలాగే పెట్టేది. ముప్పై ఆరున్నర ఉంది, జ్వరం లేదు. గడప మీద కూచున్నాను.

"ఇంకా ఎనిమిది రోజులున్నాయి" అన్నాను. "ముగ్గురూ ఇక్కడే ఉండాలి. అమ్మా, నువ్వు కూడా. నేను కింద అన్నం పెట్టి పోతాను."

పేర్లు రాసుకోవాలి. కాగితం తీశాను గానీ రాయలేకపోయాను. అడగాల్సింది ఒకటే ఉంది.

"తోంగ్‌బై పెద్దమ్మ ఇంటికి రాగలిగావు, మన ఇంటికి రాలేకపోయావా?"

దావ్ మళ్ళీ చాప మీద కూచుంది. మంచినీళ్ళు తాగింది. నా వైపు చూడకుండా చెప్పింది.

"వచ్చానమ్మా. ముందు మనింటికే వచ్చాను. గది అద్దె కట్టలేదని సామాను బయట పెట్టారు, రెండు రోజులు బస్సుస్టాండులో ఉన్నాను. నీతో చెబితే ఒప్పుకోవని చెప్పకుండా వచ్చేశాను. పొలం గుడిసెకే పోదామనుకున్నా, దూరం నుంచి ఒకసారి నిన్ను చూసి. నువ్వు అరుగు మీద మాస్కులు కుడుతూ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నావు. 'నా కూతుర్ని రావద్దన్నాను, నోరెత్తలేదు, అలా పెంచాను' అంటూ నవ్వావు. ఎంతసేపు నవ్వావో. నీళ్ళు అడగడానికి కూడా నోరు రాలేదు నాకు."

ఆ ఫోను నాకు గుర్తుంది. పక్క ఊరి సేవికతో మాట్లాడాను. ఆ నవ్వు కూడా గుర్తుంది.

"ఎండలో ఎంతసేపు నిలబడ్డావే?"

"తెలీదు. తోంగ్‌బై పెద్దమ్మ చూసి చెయ్యి పట్టుకుని లాక్కుపోయేదాకా."

మా ఇద్దరి మధ్య చాప ఉంది, గిన్నె ఉంది, రెండు బారల దూరం ఉంది. లేచి పోయి దాన్ని దగ్గరికి తీసుకోవాలని ఉంది. దావే లేచి నా వైపు ఒక అడుగు వేసింది.

"అక్కడే ఉండు" అన్నాను. "అక్కడే ఉండవే తల్లీ."

అది ఆగిపోయింది. నోరెత్తలేదు.