కంది కట్టె కింద గొట్టం

బంట్వారం దగ్గర ఇంద్రమ్మ చేనులో రుచిత రబ్బరు గొట్టం పరిచి వారమైంది. గొట్టం చుట్టూ ఫైబర్ తీగ చుట్టి ఉంది. చెవికి అందని శబ్దం గాలిలో వస్తే గొట్టం ఇసుమంత నొక్కుకుంటుంది, తీగలో వెలుగు మారుతుంది, లాప్‌టాప్‌లో గీత కదులుతుంది. తాండూరు క్వారీలో రాయి పేలిస్తే ఆ గీత చెప్పాలి. ఇంతవరకు అది ఈదురుగాలి సంగతి తప్ప ఏమీ చెప్పలేదు. ఈ పూట పేలుడు పట్టకపోతే సామాను సర్దుకుని రమ్మని హైదరాబాదు నుంచి కబురు వచ్చింది. ఆమె రెండేళ్ల పని అది.

పొద్దున వచ్చేసరికి గొట్టం కనిపించలేదు. దాని మీద కాయలతో కోసిన కంది కట్టె నడుమెత్తున పేర్చి ఉంది. సాపు చేసిన జాగా దొరికితే ఇక్కడ కంది కుప్ప వేస్తారు. తారు రోడ్డునే వదలరు. లాప్‌టాప్ తెరవకుండానే రుచిత పోట్లాటకు దిగింది. తన చేనులో తన కంది వేసుకుంటే పైపుకు ఏమవుతుందని ఇంద్రమ్మ అడిగింది. చివరికి ఆమె, కోడలు నాగరాణి గొణుక్కుంటూ కట్టెనంతా అవతలికి మోశారు.

అప్పుడు లాప్‌టాప్ తెరిచింది. తెరంతా గాలి గజిబిజి. వెనక్కి జరిపి చూస్తే, కుప్ప ఉన్నంతసేపూ గీత తిన్నగా ఉంది. గాలిని కట్టె ఆపిందా, బరువుకు గొట్టమే పనిచేయడం మానిందా? పేలుడు దాకా తేలదు. ఇంతలో క్వారీలో రాయి పేల్చే మునీర్ ఫోన్ చేసి పేలుడు మందు నింపడం అయిపోయిందన్నాడు.

"పెద్దమ్మా, కట్టె మళ్ల గీడనే ఎయ్యుండ్రి."

ఇంద్రమ్మ కూర్చున్నచోటు నుంచి లేవలేదు. "తియ్యుమంటివి, తీసినం. ఇప్పుడు ఎయ్యుమంటున్నవ్. నీకు గిదేనా నౌకరి, బిడ్డా?"

"నాది తప్పే. నేను గూడ మోస్త."

"మొయ్యి మరి. చున్నీ నడుముకు కట్టుకో."

ముగ్గురూ మోశారు. కుప్ప లేచేకొద్దీ గీత తిన్నబడింది. మునీర్ మళ్లీ ఫోన్ చేసి, ఒక వైరు కలవలేదు, జర ఆగమన్నాడు. రుచిత ఆగింది. చివరికి పేలిందన్నాడు. శబ్దం ఇంత దూరం రావడానికి నిమిషం పైనే పడుతుంది.

గీత లేచింది, పడింది, మళ్లీ తిన్నగా సాగింది.

"ఏం ఇనొస్తలేదు గదా," అంది నాగరాణి.

రుచిత జవాబు చెప్పేలోపు బాటలో ట్రాక్టర్ కనిపించింది. గింజ రాలేలా కుప్ప తొక్కించడానికి ఇంద్రమ్మ నిన్ననే చెప్పి పెట్టిందట. రుచిత ఎదురుగా వెళ్లి నిలబడింది, వారం రోజులు ఆగాలంది.

ఇంద్రమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ట్రాక్టరాయనకు నువ్వే చెప్పుకో. నాకైతె చెప్పొస్తలేదు."