ఒక ఈక ఎక్కువ

మెడ ఒక్కటే మిగిలింది. వెంకటాద్రి నిచ్చెన మీద నిలబడి, కుంచెను చిప్ప అంచుకు రాసి, నెమలి మెడ మీద మరో వరస నీలం పట్టించాడు. గుడ్డ రంగు పీల్చనంటోంది. తెల్లవారిందన్న మాటేగానీ చిలకలపూడి రోడ్డు మీద పొగమంచు ఇంకా కరగలేదు. ఆయన పని చేసేది మూతబడ్డ బియ్యం గోడౌన్లో. రేకుల కింద చలి కాలివేళ్ళ దగ్గర మొదలుపెట్టి మోకాళ్ళదాకా పాకుతోంది. కుంపటి పెట్టినా గుడ్డ చెమ్మ వదలదు, జిగురు ఆరదు. "ఏడిసినట్టే ఉంది ఈ చలి" అని గొణుక్కుని అరచేతుల్లోకి ఊదుకున్నాడు.

నెమలంటే అల్లాటప్పా నెమలి కాదు. ఇద్దరు మనుషులెత్తు లాంతరు. వెదురు బద్దల గూడు, దాని మీద పలచటి గుడ్డ, కడుపులో దీపం. సుబ్బారాయుడి షష్ఠికి దివిసీమలో ఒక ఊరివాళ్ళు దాన్ని ట్రాక్టరు మీద నిలబెట్టి, మేళాలతో మోపిదేవి తిరునాళ్ళకి ఊరేగిస్తారు. ఇట్లాంటి లాంతర్లు కట్టి రంగులేసేవాళ్ళు బందరులో ఒకప్పుడు చాలామందే ఉండేవారు. ఇప్పుడు వెంకటాద్రి ఒక్కడే. అలాగని ఆయనేదో మహా కళాకారుడని కాదు సుమండీ! షాపులకు బోర్డులు రాశాడు, ఎన్నికలప్పుడు గోడల మీద గుర్తులు వేశాడు, ఫ్లెక్సీలు వచ్చాక ఆ రెండూ పోయాయి. ఆయనకు ఎవరూ శాలువా కప్పలేదు. ఆయనా అడగలేదు. ఏడాదికో నెమలి, అంతే.

పైగా ఆ నెమలిలో సగం ఆయనది కాదు. భార్య రావమ్మది.

లాంతరు రంగులో ఒక తిరకాసుంది. వేసేవాడు ముక్కు గుడ్డకి ఆనించి వేస్తాడు, చూసేవాడు వీధి చివరినుంచి చూస్తాడు. పగలు దివ్యంగా ఉన్న నీలం, లోపల గుండు బల్బు వేసేసరికి ఆ పసుపు వెలుగు తగిలి పాచిపట్టినట్టు పచ్చబడిపోతుంది. దానికి విరుగుడుగా నీలంలో గులాబీ పొడి కలపాలి. ఎంత కలపాలో దగ్గరున్నవాడికి అంతుపట్టదు. అందుకని రావమ్మ రోడ్డు దాటి, కాలవ మీది తూము దగ్గర పీట వేసుకుని కూర్చునేది. ఈయన బల్బు వేసేవాడు. "ఇంకా" అనేది. ఈయన ఇంకాస్త గులాబీ కలిపి, మెడకు రాసి, మళ్ళీ బల్బు వేసేవాడు. "ఇంకా!" కాపురం చేసినన్నాళ్ళూ బాగుందన్న పాపాన పోలేదు ఆ మనిషి. రంగు కుదిరినప్పుడు మాత్రం ఏమీ అనకుండా లేచి, పీట చంకన పెట్టుకుని, అన్నం వండటానికి ఇంటికి వెళ్ళిపోయేది. ఆ వెళ్ళిపోవడమే వెంకటాద్రికి సన్మానం.

మొన్న ఆషాఢంలో రావమ్మ జ్వరమని పడుకుని, మళ్ళీ లేవలేదు. పిల్లలు లేరు. చుట్టాలు కర్మలు అయ్యేదాకా ఉండి ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. వెంకటాద్రికేమో గుండె బాగా నీరసించిందని, నిచ్చెనలెక్కొద్దని ఆస్పత్రిలో చెప్పారు. ఎక్కకపోతే ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. అప్పట్నించీ వెంకటాద్రి మనసులో ఒకటే మాట. రావమ్మ లేకుండా ఈ మెడ సరిగ్గా వెలిగిందా, సరే, బతుకుతాను, పని చేసుకుంటాను. వెలగలేదా, ఇక నేనెందుకు? ఈ మాట పైకంటే జనం నవ్వుతారని ఎవరితోనూ అనలేదు.

"అన్నయ్యా, టీ చల్లారిపోద్ది, దిగు" అంటూ కృపమ్మ గ్లాసు పట్టుకుని వచ్చింది. గోడౌను పక్కనే ఆమె టీ బడ్డీ.

"కృపమ్మా, ఒక్కసారి ఆ తూము దగ్గరికెళ్ళి చూడమ్మా. నే బల్బేస్తాను."

ఆమె కొంగు తలమీదుగా కప్పుకుని రోడ్డు దాటింది. వెంకటాద్రి వంగి నెమలి కడుపులో దూరి స్విచ్చి వేశాడు. ఆ పాతకాలం బల్బులు ఇప్పుడు ఏ షాపులోనూ దొరకడం లేదు. రావమ్మ గుడ్డపేలికల్లో చుట్టి అటక మీద దాచినవాటిలో ఇది ఆఖరిది.

"ఎట్టా ఉందమ్మా?"

"చాలా బాగుందన్నయ్యా!"

"పచ్చగా కొడుతుందా?"

"అబ్బే! నిజం నెమల్లాగే ఉంది. వదినుంటే ఎంత మురిసిపోయేదో!"

వదిన మురిసిపోయేది కాదు. ఇంకా అనేది. పాపం, కృపమ్మ మంచి మనిషి, ఆ మంచితనంతోనే వచ్చింది చిక్కు. వెంకటాద్రి ఇంకాస్త గులాబీ కలిపాడు. రాశాడు. రావమ్మ గొంతు తలుచుకుని ఇంకాస్త కలిపాడు. తనే వెళ్ళి చూద్దామని రోడ్డు దాటేసరికి రొప్పు వచ్చింది. అది తగ్గేలోపు మంచు విడిపోయి, ఎండ వచ్చి సరిగ్గా గోడౌను తలుపులో పడింది. ఆ ఎండలో బల్బు వెలుగుతోందో లేదో కూడా తెలియడంలేదు. చీకటి పడేదాకా ఆగక తప్పదు.

మధ్యాహ్నం చిప్పలో మిగిలిన నీలంతో ఒక ఈక చేశాడు. ఎప్పుడూ ఒక ఈక ఎక్కువే చేస్తాడు. దారిలో ట్రాక్టరు కుదుపులకో, చెట్టుకొమ్మ తగిలో ఒకటి చిరుగుతుందని. వెదురు బద్దను వంచి, గుడ్డ అతికి, నడుమ కన్ను నిండా ఆ మెడ రంగే నింపి గోడకు ఆనించాడు.

చీకటి పడకముందే ట్రాక్టరు వచ్చేసింది. ఊరేగింపు కమిటీ కుర్రాళ్ళలో పెద్దవాడు కళ్యాణ్ దిగి, "రెడీనాండీ, బాబాయ్ గారూ?" అంటూ లోపలికి వచ్చాడు. చేతిలో చుట్టలు చుట్టిన ఎల్‌ఈడీ తీగలున్నాయి.

"అవెందుకు నాయనా? బల్బుందిగా."

"ఆ బల్బు వద్దండీ, జనరేటర్ని తినేస్తది. ఇవైతే తెల్లగా దంచేస్తాయి. చూడండి మీరే."

"రంగు ఈ బల్బుకని కలిపాను నాయనా..."

"లైటు లైటేగా బాబాయ్ గారూ, ఏవుంది అందులో!"

నలుగురూ నెమలిని ఎత్తి ట్రాక్టరు మీద నిలబెట్టారు. బల్బు విప్పి భద్రంగా ఆయన చేతిలోనే పెట్టారు. ఎల్‌ఈడీలు బిగించి స్విచ్చి వేశారు.

తెల్లటి వెలుగు భగ్గుమంది. నెమలి మెడ నీలంగా లేదు. ఊదాగా, నల్లగా, నిగనిగలాడుతోంది.

"బాగుందండీ" అన్నాడు కళ్యాణ్.

వెంకటాద్రి వెనక్కి తిరిగి తూము వైపు చూశాడు.

"వంకాయ నెమలండీ బాబూ!" అన్నాడు ట్రాక్టరు డ్రైవరు. "మసాలా కూరితే గుత్తొంకాయే!"

అందరూ ఫక్కుమన్నారు. కడుపులో ఏమీ పెట్టుకుని నవ్వలేదు, నవ్వొచ్చి నవ్వారు. అందరూ నవ్వుతుంటే ఊరుకుంటే బాగుండదని వెంకటాద్రి కూడా నవ్వాడు.

"కళ్యాణ్ బాబూ, రేపటిదాకా ఉంచితే మెడ విప్పేసి మళ్ళీ వేస్తాను."

"తెల్లారితే షష్ఠండీ, ఈ రాత్రికే ఊరేగింపు! మీరేం బాధపడకండి. జనం డీజే చూస్తారుగానీ నెమల్నెవరు చూస్తారండీ?"

ఓదార్పుకే అన్నాడు పాపం. ట్రాక్టరు కదిలింది. వెంకటాద్రికి అప్పుడు గుర్తొచ్చి, గోడవారనున్న ఈక పట్టుకుని వెంటపడ్డాడు.

"నాయనా, ఈక! చిరిగితే అతికించడానికి!"

"ఎందుకండీ, టేపేస్తాం లెండి!" అని ట్రాక్టరు మీంచే చెయ్యూపాడు కళ్యాణ్.

వంకాయరంగు మెడ రోడ్డు మలుపులో కాసేపు ఊగి మాయమైంది. కృపమ్మ అప్పటికే బడ్డీ కట్టేసి వెళ్ళిపోయింది. గోడౌను ఇంత పెద్దదని వెంకటాద్రి ఎన్నడూ అనుకోలేదు. బల్బును గోడౌన్లో ఉన్న హోల్డరుకు తగిలించాడు, దాని ముందు దూలానికి దారం కట్టి ఈకను వేలాడదీశాడు. స్విచ్చి వేశాడు. మూలనున్న రావమ్మ పీట తీసుకుని, ఆగి ఆగి ఊపిరి పీలుస్తూ, రోడ్డు దాటాడు. తూము దగ్గర పీట వేసుకుని, కరెంటు స్తంభానికి వీపు ఆనించి అప్పుడు తలెత్తాడు.

నీలం. పచ్చ లేదు, వంకాయ లేదు. మబ్బు పట్టినప్పుడు నెమలి మెడ ఎట్లా ఉంటుందో అచ్చం అట్లా ఉంది ఈక కన్ను. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు. రావమ్మ లేకుండా కుదిరింది. కుదిరి ఏం లాభం? ఆ రంగు వెలిగే దీపం లోకంలో ఇది ఒక్కటే మిగిలింది, అదీ ఖాళీ గోడౌన్లో. వెంకటాద్రికి ఏడుపొచ్చింది. అడ్డుకునేవాళ్ళు లేరు కనక ఏడ్చాడు. ఏడ్చి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఇక లేచి ఇంటికి వెళ్ళి ఇంత అన్నం వండుకోవాలనుకున్నాడు. ఛాతీలో ఏదో పట్టేసింది. కాస్త ఆగి లేద్దామని కూర్చుండిపోయాడు.

పొద్దున కృపమ్మ బడ్డీ తెరిచి, పొయ్యి ముట్టించి, రోడ్డవతల పీట మీద మనిషిని చూసింది. "అన్నయ్యా, చలిలో ఏంటక్కడ?" అని కేకేసింది. పలక్కపోతే టీ గ్లాసు పట్టుకుని తనే వెళ్ళింది. తువ్వాలు మంచుకి తడిసిపోయి ఉంది. చెయ్యి పట్టుకుంటే కొయ్యబారి ఉంది. గ్లాసు కింద పెట్టి, "అయ్యో అన్నయ్యా! దిక్కులేకుండా పోయావా!" అని ఘొల్లుమంది.

నలుగురూ చేరారు, ఆటో తెచ్చారు, తీసుకెళ్ళారు. ఆ హడావిడిలో గోడౌన్లో దీపం ఆర్పాలని ఎవరికీ తోచలేదు. తెరిచిన తలుపులోంచి, పొగమంచులో, ఆ ఈక రోడ్డు ఇవతల తూము దగ్గరికి కూడా నీలంగానే కనిపిస్తోంది.