వాగు ఒడ్డున గూడు

2007 జూన్‌లో ఒక ఆదివారం రూప్‌సింగ్, సువర్ణ కొత్తగూడెం నుంచి మోటార్‌సైకిల్ మీద బయలుదేరారు. పొద్దున్నే భద్రాచలంలో దర్శనం చేసుకుని, గోదావరి వంతెన దాటి, పినపాక వైపు అడవిలోకి తిరిగారు. రూప్‌సింగ్ టెలిఫోన్ ఆఫీసులో క్లర్కు. కొత్తగా కొన్న కెమెరాతో పిట్టల ఫోటోలు తీయడమంటే పిచ్చి. సువర్ణ నర్సు. పెళ్లికి ముందు అక్కడి పల్లెల్లోనే పనిచేసింది. ఆ పరిచయంతోనే అక్కడి చిన్నక్క అనే ఆమె ఇద్దరికీ అడవి చూపించడానికి ఒప్పుకుంది.

చిన్నక్కకు యాభై ఏళ్లుంటాయి. తునికాకు కోసుకుని, ఇప్పకాయలు ఏరుకుని బతికే మనిషి. వాళ్లను వాగు ఒడ్డుకు తీసుకెళ్లి, వంగిన కొమ్మల మధ్య ఒక గూడు చూపించింది. పిడికిలంత గూట్లో మూడు పిల్లలు. రిబ్బనులాంటి తెల్లటి తోకతో తండ్రి పిట్ట వచ్చి మేత పెట్టి పోయింది.

"ఆకు మాత్రం ముట్టుకోకు సారూ. ఎండ తగిల్తే పిల్లలు ఆగవు. కాకి కంట్ల పడ్డా గంతే."

ఎటు నిలబడి చూసినా ఒక కొమ్మ గూటికి అడ్డమే వస్తోంది. ఆడవాళ్లిద్దరూ వాగు ఇసుకలో చెలమ నీళ్ల కోసం వెళ్లగానే రూప్‌సింగ్ కెమెరా సంచి పట్టీ ఊడదీసి, ఆ కొమ్మను పక్కకు లాగి కట్టాడు. ఐదు నిమిషాలే కదా అనుకున్నాడు. ఫోటోలు అనుకున్నట్టే వచ్చాయి. అంతలో తండ్రి పిట్ట ఎండలో మెరుస్తూ వాగు వెంట ఎగిరింది. దాని వెనకే పోయాడు.

కాకి అరుపు విని పరుగున వచ్చేసరికి గూడు ఖాళీగా ఉంది. కింద ఇసుకలో ఒక పిల్ల నోరు తెరిచి పడి ఉంది. అతను ముందు పిల్లను అందుకోలేదు. కొమ్మకు కట్టిన పట్టీ విప్పాడు.

చిన్నక్క వచ్చేసరికి పిల్ల చచ్చిపోయింది. నోట్లో పురుగుతో తల్లి పిట్ట కొమ్మ మీంచి కొమ్మకు దూకుతోంది.

"పామొచ్చిందో ఏందో. గూడు ఎవ్వరికీ చూపియ్యొద్దంటరు. నేనే తప్పు జేసిన," అంటూ చిన్నక్క కూలబడింది. కాసేపటికి తలెత్తి అడిగింది. "ఫోటో అయినా మంచిగొచ్చిందా సారూ?"

"వచ్చింది," అన్నాడు.

మణుగూరులో టీ తాగుతుండగా సువర్ణకు జరిగింది చెప్పాడు. ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

"ఆమె తనదే తప్పనుకుంటాంది. ఎనక్కి పోదాం పా. పోయి చెప్పు."

"పొద్దుపోయింది. మళ్లొద్దాం."

ఆ మళ్లీకి ఏడాది పట్టింది. ప్రతి ఆదివారం ఏదో ఒక సాకు దొరికింది. చివరికి కెమెరా లేకుండా ఒక్కడే వెళ్లాడు. చిన్నక్క వాకిట్లో ఇప్పకాయలు ఎండబోస్తోంది. నిలబడే అంతా చెప్పేశాడు.

"అవ్, తెలుసు సారూ. కొమ్మ చిట్లింది గదా. తెల్లారి పోయి చూసిన."

మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చింది. రెండు గుక్కలు తాగి, "ఈ ఏడు గూడు కట్టినయా?" అని అడిగాడు.

"లే సారూ. ఈ ఏడు పిట్టలే రాలే."

వాగు వైపు నుంచి ఆ తెల్లతోక పిట్ట అరుపు వినిపించింది. మళ్లీ ఒకసారి వినిపించింది. ఇద్దరూ విన్నారు. చిన్నక్క తల ఎత్తకుండా కాయలు పరుస్తూనే ఉంది. రూప్‌సింగ్ మిగిలిన నీళ్లు తాగి, చెంబు మంచం కింద పెట్టాడు.

"పోయొస్త చిన్నక్కా," అని, వాగు వైపు చూడకుండా బండి దగ్గరికి నడిచాడు.